నడిమికి మూరెడు ఇవతల

తిరుత్తణి,
18 నవంబరు 2025, మంగళవారం.

తమ్ముడు పాల్‌రాజ్‌కు,

వరదయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ వదిన కోకిలా, మావాడు సతీషూ బాగున్నాం. మణవాళనగర్‌లో నువ్వూ, నీ కూతురు సోఫియా, మనవరాలూ బాగున్నారని తలుస్తున్నాను. తలుచుకోవడం తప్ప కనుక్కునే దారి నువ్వు ఉంచలేదు. ఆగస్టు నుంచి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తవు. ఉత్తరాన్ని మాత్రం కట్ చేయలేవు గదా. నువ్వు కాపలా కాసే గేటు దగ్గరికే పోస్టుమాన్ వచ్చి చేతిలో పెట్టిపోతాడు.

తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదివేది తమిళమే. నీకు బైబిలు పుణ్యమా అని అక్షరాలు వచ్చాయి, నాకు మా నాయన బెత్తం పుణ్యమా అని వచ్చాయి. కాబట్టి ఇది సోఫియా చేతిలో పడినా సతీష్ చేతిలో పడినా మన మాట మన మధ్యే ఉంటుంది.

విషయానికి వస్తాను. డిసెంబరు మూడో తేదీకి మిల్లు నుంచి మనకు కటింగ్ ఆర్డరు వచ్చింది. మూడెకరాల చెరకు. నువ్వు రావాలి. మోపు మోయడానికి కాదు, బండి సీటు మీద కూర్చోవడానికి. ఆ బండి పేరెత్తగానే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు. అయినా చివరిదాకా చదువు. నేను చెప్పేది సగం విని లేచిపోయే అలవాటు నీకు మొదటినుంచీ ఉంది.

ఫిబ్రవరిలో మన చేనులోనే, లారీ ఎక్కడానికి వాల్చిన చెక్క పలక మంచుకు తడిసి, దాని మీద నీ కాలు జారి, మోపుతో సహా లారీ పక్కన పడ్డావు. మెడ ఎముక విరిగింది. ఎముక అతికింది గానీ నీకు కాలు మీద నమ్మకం పోయింది. చెరకు కోత ముఠా మేస్త్రీగిరీ వదిలేసి, కూతురి దగ్గరికి వెళ్లి వాచ్‌మన్‌గా చేరావు. ఆగస్టులో నేను తిరువళ్లూరు నుంచి ట్రాక్టర్ ముందు ఆ ఇనుప గోళ్లు తగిలించుకుని వస్తుంటే మీ గేటు ముందే సిగ్నల్ పడింది, నువ్వు చూశావు. చెయ్యి ఊపాను, నువ్వు ఊపలేదు. తరవాత సోఫియా చెప్పింది. ఇరవై ఆరేండ్లు మోసినాము, ఒకతూరి పడినానని అన్న ఇనుము తెచ్చి పెట్టుకున్నాడు, ఇంక మా తలకాయలు ఆయనకి ఎందుకు అన్నావట. ఆ మాట నాకు బాగా నొప్పి పుట్టించింది, దాచుకోను. అందుకే ఆ ఇనుము ఎట్లా తెచ్చానో, దానితో ఏం నేర్చుకున్నానో మొత్తం చెప్తాను. విని అప్పుడు తిట్టు.

మన చిన్న ట్రాక్టర్‌కు ముందు లోడర్ ఉందిగా, దానికి మట్టి ఎత్తే బొచ్చె తీసేసి తగిలించే పట్టు ఇది. గ్రాపిల్ అంటారు. కింద ఇనుప వేళ్లు మోపుల అడుగున దూరతాయి, పైనుంచి గోళ్లు మూసుకుని పట్టుకుంటాయి. ఊళ్లో అందరూ దాన్ని ఎండ్రకాయ అంటున్నారు. నేనూ అదే అంటున్నాను.

తిరువళ్లూరులో దండపాణి షాపుకు సతీష్‌నూ తీసుకుపోయాను. వాడు ఫోనులో రోజుకు పది వీడియోలు చూసి, పెద్దదే తీసుకోవాలని ఇంట్లోనే తీర్మానం చేసుకుని వచ్చాడు. షాపులో ఒక పెద్దది ఉంది, అడుగున రేకు మూసి బొచ్చెలాగే ఉంటుంది, పైన ఒకే మూత. చూడటానికి ఏనుగులా ఉంది. నన్ను బుట్టలో వేసే షాపువాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు కాబట్టి నేను ముందు దాని బరువు అడిగాను. రెండు వందల ముప్పై కిలోలు. మన లోడర్ ఎత్తేదే నాలుగు వందల యాభై. దండపాణి మంచివాడు, నిజం చెప్పాడు. ఎత్తే బరువులో ఎండ్రకాయ బరువు పోంగా మిగిలిందే నీకు అన్నా, ఇది తగిలిస్తే ఏడు మోపులు గూడా లేవవు, ఇనుమునే ఎత్తి దించతా ఉండాల్సిందే అన్నాడు. సతీష్ మొహం చూడాల్సింది.

నేను తీసుకున్నది నూట ఇరవై కిలోలది. అడుగున రేకు లేదు, ఉత్త వేళ్లే, మట్టి సందుల్లోంచి రాలిపోతుంది. పైన గోళ్లు రెండు, దేనికది విడిగా మూసుకుంటుంది. ఒకే మూత అయితే లావుగా ఉన్న మొదళ్ల మీద ఆగిపోయి, సన్నగా ఉన్న కొసల వైపు వదులుగా ఉండిపోతుంది. రెండు గోళ్లయితే మొదళ్లను ఒకటి, కొసలను ఒకటి దేనికి తగ్గట్టు అది పట్టుకుంటుంది. వెడల్పు నాలుగడుగులే, టైర్లకన్నా బయటికి రాదు. గోళ్లు తెరిచి మూయడానికి కొత్తగా ఇంకో ఆయిల్ పైపు వేయించాలి, అదీ వేయించాను. లారీకి ఎక్కించను ఇది చాలదా అని సతీష్ అడిగితే, చాలదు, అంత ఎత్తు అందదు, ఇకమీదట ట్రైలర్లే పెట్టుకుందాం అని నేనే చెప్పాను. ముందే కనిపెట్టాను చూశావా.

కనిపెట్టనిదీ ఒకటి ఉంది, అదీ చెప్తాను. వెనక బరువు కట్టుకోమని దండపాణి రెండుసార్లు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్ తోలుతున్నవాణ్ణి, నాకు చెప్పొచ్చాడు అనుకున్నాను. ఇంటికి వచ్చిన రోజే మీ వదిన ముందు గొప్ప చూపించాలని పడిపోయిన వేప మొద్దు ఒకటి పట్టి ఎత్తాను. ముందు మొద్దు లేవలేదు, వెనక చక్రాలు లేచాయి. నేను గాల్లో. మీ వదిన వేసిన కేకకు పక్క వీధి వాళ్లు వచ్చారు. దిగినాక, యాడ నేర్చుకున్నావయ్యా ఈ సర్కసు అని అందరి ముందూ అడిగింది. మర్నాడే డ్రమ్ములో కాంక్రీటు పోయించి వెనక తగిలించాను. ఇప్పుడు బండి కదలకుండా కూర్చుంటుంది.

అసలు కథ ఈ నెలలో జరిగింది. మన ఊరి తణికాచలం కొత్తగా చెరకు వేస్తూ విత్తనానికి అడిగితే మన మడిలో అరెకరం కొట్టించాను. కొట్టింది నీ మనుషులే, ఎనిమిది మందీ వచ్చారు. ఎండ్రకాయతో ట్రైలర్‌కు ఎక్కిద్దామని నేను సీటు మీద కూర్చున్నాను. మొదటి పట్టు గట్టిగా బిగించాను, పడిపోతుందేమోనని. తణికాచలం దగ్గరికి వచ్చి చూస్తే చెరకు కణుపుల దగ్గర మొలకెత్తే కళ్లన్నీ నలిగిపోయి ఉన్నాయి. నాటమన్నావా మామా, రసం పిండుకోని తాగమన్నావా అన్నాడు. అందరూ నవ్వారు. నీ మనుషులు అందరికన్నా ఎక్కువ నవ్వారు.

పట్టు వదులు చేశాను. ఈసారి మోపులు జారిపోయాయి. సరిగ్గా నడిమికే పట్టాను, సతీష్ టేపు పెట్టి కొలిచి సుద్దతో గీత కూడా గీశాడు. అయినా ఎత్తగానే మొదళ్ల వైపు వాలి, బండి కూడా ఒక పక్కకు ఒరిగి, చెరకంతా నా కళ్ల ముందే నేలమీద పరుచుకుంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కింద పడ్డదాన్ని తీయబోతే వేళ్లు నేలలో దిగి మట్టి కూడా లేచింది. మిల్లుకు ఇట్లాంటి చెరకు పోతే గేటులోనే ఆపేస్తారు. నీ మనుషుల్లో ఒకడు, మా మేస్త్రీ తల అయితే జారదు అన్నాడు. ఊరికే అన్నాడు, వేళాకోళానికి.

నేను బండి ఆపేసి దిగాను. ఆ మాట పట్టుకుని ఆలోచిస్తూ మడి చుట్టూ తిరిగాను. పాల్‌రాజ్, ఇరవై ఆరేళ్లు నువ్వు మోపు ఎత్తుకుని పోవడం వెనకనుంచి చూశాను గదా. నీ తల ముందు కొంచెం చెరకే ఉండేది, వెనక పొడుగ్గా తోక ఆడుతూ ఉండేది. నువ్వు ఏనాడూ నడిమి చోట తల పెట్టలేదు. మోపు కింద కూర్చుని, చేత్తో తడిమి, నడిమికి మూరెడు ఇవతల, మొదళ్ల వైపు తల ఆనించి లేచేవాడివి. మొదళ్లు బరువు, కొసలు తేలిక, టేపు కొలిచేది పొడవును గానీ బరువును కాదు. ఇంత చిన్న సంగతి నాకు తెలియదు. ఎందుకు తెలుస్తుంది, నేను ఒక్క మోపైనా మోశానా?

మొదళ్లన్నీ ఒక పక్కకే ఉండేట్టు మోపులు పేర్పించాను. కింద రెండు సవుకు కొయ్యలు పరిపించాను, వేళ్లు దూరడానికి సందు ఉంటుంది, మట్టి తగలదు. నడిమికి మూరెడు ఇవతల పట్టాను. మెల్లగా మూశాను. పది మోపులు ఒక్కసారిగా లేచాయి పాల్‌రాజ్, అటూ ఇటూ వాలకుండా, నీ తల మీద లేచినట్టే. ట్రైలర్ నిండేసరికి ఒక్క కన్ను నలగలేదు. తణికాచలం ఒక్కో గడా తిప్పి తిప్పి చూసుకుని, సరి మామా, వచ్చే వారం మా అన్నది గూడా కొట్టిపెట్టు అని పోయాడు.

అందుకే చెప్తున్నాను, నీ తలకాయ నాకు ఎందుకంటావా, ఈ ఇనుముకు తెలివి నీ తలకాయే. పట్టడం నేను నేర్చుకున్నాను, కానీ ఏ చెరకును ఎక్కడ పట్టాలో ఇంకా తడుముకుంటున్నాను. వంకర చెరకు ఒక తీరు, నీళ్లు ఎక్కువ తాగిన చెరకు ఇంకో తీరు. నువ్వు కళ్లతో చూసి చెప్పేస్తావు. నాకు బండి తోలను రాదన్నా అంటావేమో. మన వరిమడిలో పదేళ్లు పవర్ టిల్లర్ తిప్పినవాడివి. అది దున్నపోతు. ఇది దానిముందు లేగదూడ. మూడు రోజుల్లో నీ చేతికి వస్తుంది. నీ మనుషుల్లో ఎవరి పనీ పోదు. కొట్టేవాళ్లు కొడతారు, కట్టేవాళ్లు కడతారు, ఇద్దరు ట్రైలర్ మీద చెరకు సర్దుతారు. పలక ఎక్కేవాడు మాత్రం ఇక ఎవడూ ఉండడు. వాళ్లను అడిగాను, మేస్త్రీ వస్తే సరే అన్నారు. నేను చెప్తే కాదు, నువ్వు వస్తే.

డిసెంబరు ఒకటో తేదీకల్లా వచ్చేయ్. మణవాళనగర్ నుంచి స్టేషనుకు ఎంత దూరం, తిరుత్తణికి రైలెక్కితే గంటలో దిగుతావు. సతీష్ స్టేషనుకు వస్తాడు. మీ వదిన నీకోసం ఉలవచారు పెడతానంటోంది, నాకు పెట్టి ఆరు నెలలయింది.

నీ అన్న,
వరదయ్య.

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టి మళ్లీ బయటికి తీశాను. పైన రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. అది ఇప్పుడు రాసింది కాదు, ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చెప్పింది. మంచుకు తడిసి నీ కాలు జారిందని అందరికన్నా ముందు అన్నది నేనే. నువ్వు నమ్మావు.

ఆ రోజు లారీ వెనక చక్రం మెత్తటి నేలలో దిగిపోతోందని డ్రైవరు అరిచాడు. చేతికి అందిన రాయి లాగి చక్రం కింద తోశాను. అది నీ పలక అడుగున ఆనించిన రాయి. వెంటనే ఇంకోటి తెచ్చి పెడదామనే అనుకున్నాను. అంతలో మిల్లు ఫీల్డ్‌మాన్ ఫోను చేశాడు, గట్టు మీదికి పోయి మాట్లాడుతూ మరిచిపోయాను. నువ్వు మోపుతో ఎక్కడం చూశాను. పలక కదలడం చూశాను. నీ కాలు పలక మీదే ఉంది పాల్‌రాజ్. జారింది పలక.

తొమ్మిది నెలలు నోరు మూసుకున్నాను. పెద్దరికం అడ్డం వచ్చింది. ఎవరినీ పలక ఎక్కనివ్వని బండి కొంటే గుండె బరువు తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. నువ్వు వస్తే నీ మనుషులందరి ముందూ ఈ మాట నేనే చెప్తాను. రాకపోతే ఆదివారం మీ చర్చి వదిలే వేళకు వచ్చి సోఫియా ముందు చెప్తాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నువ్వు ఇంటి మెట్లు కూడా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతున్నావని సోఫియా చెప్పి ఏడ్చింది. రావడం, రాకపోవడం నీ ఇష్టం. ఆ కమ్మీ మాత్రం ఈ రోజే వదిలెయ్. నీ కాలు ఏ తప్పూ చేయలేదు.