స్కాన్ గదిలో మన మాట

మదురై, 14-10-2004

వదినకు నాగమ్మాళ్ రాసేది. మీ తమ్ముడు ఇప్పటికి బాగున్నాడు, ఏడవకుండా చదవండి.

విరుదునగర్‌లో చెప్పిన కాలేయం గడ్డలు రెండింట్లో ఒకదాన్ని ఇక్కడ సూది దించి కాల్చారు. నాలుగో రోజున, నిన్న, ఇంటికి పంపేముందు స్కాన్ తీస్తుంటే, "పొద్దుటినుంచి కడుపులో నొప్పి. వీళ్లకు చెప్పొద్దే, పంపరు. పత్తి వేసే అదను పోతుంది" అని, అక్కడంతా అరవం వాళ్లేననుకుని నాతో మన తెలుగు మాటలో అన్నాడు. నేనూ సరేనన్నాను. స్కాన్ డాక్టరమ్మది నెల్లూరంట. "అయ్యా, నాకూ తెలుగొచ్చు. నొప్పి ఎక్కడో చూపించండి" అని, రంగులు కనిపించే స్కాన్ పెట్టింది. నెత్తురు పారేచోట రంగు ఆడుతుందంట. కాలేయానికి పోయే పెద్ద నరంలో ఒక కొమ్మ నల్లగా ఉండిపోయింది. కాల్చిన వేడికి నెత్తురు పేరుకుందన్నారు. పలచబడే మందు ఎక్కిస్తున్నారు. ఆ నరం మూసుకుపోవడంతో రెండో గడ్డను మాత్రం ఇక కాల్చలేరంట. ఆ మాట ఆయనకు ఇంకా తెలియదు. ఆమెకు తెలుగు రాకపోయుంటే నేను ఆయన్ను అలాగే బస్సెక్కించేదాన్ని వదినా.

మా అమ్మాయి అముదను కోవిల్‌పట్టిలో పరీక్షకు మీరే తోడుపోయి దించండి. ఎర్రావు ఈనిందా? వాన పడితే పక్కచేను పాండియరాజన్‌ను పిలిచి పత్తి వేయించండి. అత్తకు నా దండాలు. మీరు రాసే కార్డులో మాత్రం వాన ఇంకా పడలేదనే రాయండి. పడిందని తెలిస్తే ఈయన మంచం మీద నిలవడు.

మీ నాగమ్మాళ్