మీటలు మెత్తగా ఉన్నాయని రాశాను

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నీ మరదలు, పాప క్షేమంగా ఉన్నారు. పాపకు ముందుపళ్ళు రెండూ ఊడాయి. ఎవరు నవ్వినా తనను చూసే నవ్వుతున్నారని మూతి ముడుచుకుంటోంది. నేనూ క్షేమమేనని రాయబోయి ఆగాను. ఆ సంగతి కాసేపాగి రాస్తాను.

నీ ఉత్తరం అంది వారమైంది. రెండుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లూ బావగారే ఎత్తారు. "ఏమోయ్, ఏంటి కబుర్లు?" అని ఆయన అడగ్గానే ఇక్కడ వానలని ఏదో చెప్పి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. ఇల్లు మారే ఆలోచన మానుకున్నాం. నీ మరదలి నడుము నొప్పి తగ్గింది, అయినా బట్టల బకెట్ నన్నే మోయమంటోంది. పోయినసారి మీ ఇంట్లో నా చేతిలోంచి గ్లాసు జారి పగిలిన సంగతి మళ్ళీ అడిగావు. చెయ్యి తడిగా ఉందన్నాను కదా. అది నిజం కాదక్కా.

ఇక కీబోర్డు. "ఆయన ఆట మానేశారు, దీన్ని ఎవరికైనా అమ్మేస్తే పని చేస్తుందా, ఎన్నాళ్ళు మన్నుతుంది?" అని అడిగావు. మన్నికకేం, బాగా మన్నుతుంది. దాని మీటల కింద పల్చటి రబ్బరు పొర ఉంటుంది. మీట నొక్కితే పొర మీది బుడిపె అణుగుతుంది, వేలు తీస్తే లేస్తుంది. ఖరీదైన వాటిలో ఒక్కో మీటకు ఒక్కో స్ప్రింగు పెడతారు. ఆ హంగు లేదు కాబట్టే ఇది చవక. వస్తువులను పరీక్షించి మార్కులేసే మా పత్రిక ఆఫీసులో దాని మీద గ్లాసుడు నీళ్ళు పోశాం. ఒకే మీటను యంత్రంతో వారం రోజులు ఆపకుండా కొట్టించాం. అక్షరాలు చెరగలేదు, మీట వదులు కాలేదు. మన్నికకు, ధరకు పత్రికలో నేనిచ్చిన మార్కులు ఇవాళ్టికీ సరైనవే.

మూడోది, చేతికి హాయి. దానికి పదికి తొమ్మిదిచ్చాను. "మీటలు మెత్తగా ఉన్నాయి, బలం లేని వేళ్ళకు కూడా శ్రమ ఉండదు" అని రాశాను. ఆ వాక్యం చదివే నువ్వు కొన్నావు.

పక్షవాతం వచ్చి బావగారి కుడిచెయ్యి పడిపోయినప్పుడు, వేళ్ళు ఆడిస్తూ ఉండాలని డాక్టర్ చెప్పడం, మేనకోడలు ల్యాప్‌టాప్‌లో కార్ల పందెం ఆట పెట్టివ్వడం నాకు గుర్తే. బాణం గుర్తుల మీటలు నొక్కుతూ రెండు నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా వచ్చారు. చొక్కా బొత్తాలు సొంతంగా పెట్టుకున్న రోజు నువ్వు ఫోన్లో ఏడ్చావు. ల్యాప్‌టాప్ మీటలు అరిగిపోతాయని ఈ కీబోర్డు కొన్నారు. ఆ తర్వాతి సంగతి నీ మాటల్లోనే ఉంది.

"మూడు వారాల్లో అరగంట కాస్తా పది నిమిషాలైందిరా. 'చెయ్యి మళ్ళీ వెనక్కి పోతోందే, ఇంక ఇంతే' అన్నారు. ఇప్పుడు బొత్తాలు కూడా నన్నే పెట్టమంటున్నారు. నాకూ ఆ మీటలు కాస్త గట్టిగానే తగిలాయి. కానీ మెత్తగా ఉన్నాయని నువ్వే రాశావు కదా, నాదే భ్రమ అనుకున్నాను."

ఆ చివరి మాట చదివాక నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి బీరువాలోంచి అదే రకం కీబోర్డు తీశాను. మా దగ్గర ప్రతిదీ తూచి చూసే పెద్దావిడ ఒకరున్నారు, అందరం గ్రాముగారంటాం. ఆ కీబోర్డు పరీక్షకు వచ్చిన వారం ఆవిడ సెలవులో ఉన్నారు. "ఆవిడ వచ్చేదాకా ఆగుదామా?" అని ఎడిటర్ అడిగితే, "అక్కర్లేదండీ, నా వేళ్ళకు తెలుసు" అన్నాను. పన్నెండేళ్ళ అనుభవం కదా, ఆయనా సరేనన్నారు.

గ్రాముగారు బాణం మీట మీద చిన్న చిన్న తూకపు బిళ్ళలు పేర్చారు. యాభై గ్రాములకు కదల్లేదు. డెబ్భైకి కదల్లేదు. ఎనభై రెండు దగ్గర దిగింది. ల్యాప్‌టాప్ మీట యాభై ఐదుకే దిగుతుంది.

"దీన్ని మెత్తగా ఉందన్న మహానుభావుడెవరండీ?" అన్నారు.

"నేనే."

హాస్యమాడుతున్నాననుకుని నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు. "చేతికేమైంది?" అని మెల్లగా అడిగారు.

అక్కా, నాలుగు నెలలుగా నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారిపోయాయి. జేబులో చెయ్యి పెడితే నాణెమో తాళంచెవో తెలియదు. పాప చెంప నిమిరితే గుడ్డను నిమిరినట్టుంటుంది. ఈ సంగతి మొన్నటిదాకా నీ మరదలికి కూడా చెప్పలేదు. వేళ్ళతో చూసి చెప్పడమే నా ఉద్యోగం. ఆ వేళ్ళే లేవంటే నాకేం మిగులుతుందని దాచాను. ఆ కీబోర్డును రెండు గంటలు నొక్కాను. ఏమీ తెలియలేదు. చప్పుడు తక్కువగా ఉంది కాబట్టి మెత్తగా ఉందని రాసేశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎడమచేత్తో కూడా నొక్కి చూశాను. గట్టిగా ఉందని ఆ చేతికి తెలిసింది. అలవాటు లేని చెయ్యిలే అని దాని మాట పక్కన పెట్టాను. దాన్ని నమ్మితే కుడిచెయ్యి పోయిందని ఒప్పుకోవాలి. అందుకే నమ్మలేదు. తెలియక చేశానని నీకు చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

అదే రోజు ఎడిటర్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వేళ్ళు మొద్దుబారితే అది జబ్బయ్యా. తెలియనిది తెలిసినట్టు రాస్తే దాన్నేమనాలి?" అన్నారు. ఈ నాలుగు నెలల్లో నేను మార్కులేసిన పదకొండు వస్తువులనూ మళ్ళీ పరీక్షిస్తున్నారు. వచ్చే సంచికలో నా పేరుతోనే తప్పు దిద్దుకుంటూ ప్రకటన వస్తుంది. ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. డాక్టర్ మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు. వచ్చే నెల ఆపరేషన్. ఇంత ఆలస్యం చేశాను కాబట్టి స్పర్శ పూర్తిగా వస్తుందని మాటివ్వలేనన్నారు. సంగతి చెప్పాక నీ మరదలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆస్పత్రికి తనే ముందు బయల్దేరింది.

కీబోర్డును ఎవరికీ అమ్మకు. మా ఆఫీసుకు పంపించు. ఈ ఉత్తరం చదివి పెట్టెలో దాచకుండా బావగారి చేతికే ఇవ్వు. ఆయన చెయ్యి వెనక్కి పోయినట్టు నాకనిపించడం లేదు. మూడు వారాలు ఒక్కో మీట మీద ఒకటిన్నర రెట్ల బరువుతో పెనుగులాడారు. అయినా రోజూ పది నిమిషాలు నిలిచారు. బలం తగ్గిన చెయ్యి అంత చేయగలదా? అయినా మళ్ళీ నా మాటే నమ్మొద్దు. ఒకసారి డాక్టర్‌కు చూపించండి, ఆ తర్వాత పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టు.

ఇదంతా చదివాక ఆయన నన్ను తిట్టాలనుకుంటారు. తిట్టాలి కూడా. కాకపోతే ఫోన్లో వద్దు. ఆ తిట్లన్నీ కుడిచేత్తో, ఆయనే, ఒక్కో అక్షరం కొట్టి పంపమను. ఎంత పొడుగున్నా కూర్చుని చదువుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు