కప్పమూతి ఆటో పోస్టుకార్డు

జూలై 19

వచ్చేసింది! పెనాంగ్ నుంచి వచ్చిన కవరుని అంచు వెంబడి వెంట్రుకంత మందాన కత్తిరించాను. నలభై ఏళ్లుగా ఆటో సీట్లకి రెక్సిన్ కోస్తున్న చేతులివి. లోపల నేను కొన్న పోస్టుకార్డు. మా ట్రాంగ్ రైల్వేస్టేషన్ ముందు, ముందు భాగం కప్పలా ఉండే పచ్చరంగు కప్పమూతి ఆటో, పక్కన ఎవరో డ్రైవరు. ముప్పై ఏళ్ల నాటి ప్రింటు. వెనక ఒక్క అక్షరం లేదు, ఎక్కడా మడత లేదు. మూడు చక్రాల బండ్ల కార్డులు నా దగ్గర రెండొందల పన్నెండున్నాయి. కొలంబోవి, ఢాకావి, బ్యాంకాక్‌వైతే కుప్పలు. మా ఊరిది మాత్రం ఇదే మొదటిది.

జూలై 20

పొద్దున్నుంచి లెన్స్ పట్టుకుని కూర్చున్నాను. హెడ్‌లైట్ల చుట్టూ రేకు, బంపరు, సీటు అంచున కుట్టు, అన్నీ నోట్సులోకి ఎక్కించాను. కుట్టాల్సిన సీట్లు రెండు అలాగే పడున్నాయి. పడుండనీ.

జూలై 27

హాట్ యాయ్ స్టాంపుల క్లబ్ నుంచి వినిత్ గారు ఫోన్ చేశారు. కప్పమూతి ఆటో మీద స్టాంపు వస్తోందట, ఆగస్టు మూడున! బొమ్మ వైపే ఆ స్టాంపు అంటించి, విడుదలైన రోజే, బొమ్మలో ఉన్న ఊళ్లోనే ముద్ర కొట్టిస్తే అది మాగ్జిమమ్ కార్డు. ఆ ఒక్క రోజు దాటితే ఇంకేమీ లేదు. ఇంత పాత కార్డు ఇంకెవరి దగ్గరా లేదని, ఆగస్టు ఇరవయ్యో తేదీ క్లబ్ ప్రదర్శనలో గోల్డ్ మెడల్ నాదేనని అన్నారు. ఇన్నాళ్లూ నన్ను సీట్లు కుట్టే ఆవిడ అనేవారు. ఇవాళ పేరు పెట్టి పిలిచారు.

ఆగస్టు 2

అన్నం సయించలేదు.

ఆగస్టు 3, ఉదయం 8

కుండపోత. కార్డుకి రెండు ప్లాస్టిక్ కవర్లు, పైన టిఫిన్ డబ్బా.

ఆగస్టు 3, మధ్యాహ్నం

అయిపోయింది! చమ్నాన్ అన్న ఆటోలో వెళ్లాను. ఇరవై ఏళ్లుగా మా షాపు ముందే బండి పెట్టుకునే మనిషి. పోస్టాఫీసు కౌంటర్లో ఒరథాయ్, స్టాంపు వెనకవైపు కదా అంటించాలి అంది. రూల్సు కాగితం చూపించాను, బతిమాలాను. చివరికి నవ్వి, అక్క ఎక్కడ కొట్టమంటే అక్కడే కొడతానంది. చోటు వేలితో చూపించాను. టప్! ఊరి పేరు, తేదీ, నల్లగా, గుండ్రంగా. యాభై ఎనిమిదేళ్ల దాన్ని, ఎగిరి గంతేశాను.

స్టాంపుల కవరు సర్దుకునేదాకా కార్డు చమ్నాన్ అన్న చేతికిచ్చాను, అంచులే పట్టుకోమని కసిరి. చాలాసేపు చూశాడు.

"అరుణీ, ఈ డ్రైవరు నేనే," అన్నాడు. "ఆ చొక్కా మా అమ్మ కుట్టింది."

బంపరు కూడా లెన్స్ పెట్టి చూశాను. మనిషిని చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వస్తూ దారిలో అడిగాడు, ఇవి జనం ఒకరికొకరు పంపుకుంటారు కదా, మరి తనని ఏయే దేశాలకి పంపారో అని. తనకి మాత్రం పోస్టులో కరెంటు బిల్లు తప్ప ఏదీ రాలేదట. చెప్పి తనే నవ్వేశాడు. కార్డు అడగలేదు. అడిగుంటే ఒక కసురు కసిరి ఊరుకునేదాన్ని.

ఆగస్టు 9

వినిత్ గారు మళ్లీ ఫోన్. ప్రదర్శనలో ఫ్రేము నడిమధ్యలో నా కార్డేనట! సంతోషం పట్టలేక వీధి వీధంతటికీ కాల్చిన పంది మాంసం పంచాను. చమ్నాన్ అన్నకి పొట్లం ఇస్తూ మొహం చూడలేకపోయాను.

ఆగస్టు 10, ఉదయం 11

ప్రదర్శన అయ్యాక కార్డు చమ్నాన్ అన్నకి ఇద్దాంలే అనుకుంటూ వచ్చాను. అబద్ధం. మెడల్ వచ్చాక నా చేత ఎవరూ ఇప్పించలేరు. నా సంగతి నాకు తెలుసు.

అందుకే ఇవాళే పోస్టాఫీసుకి వెళ్లాను. వెనకవైపు ఇంకో స్టాంపు అంటించి, చమ్నాన్ అన్న పేరు, అడ్రసు రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి. కవర్లో పెట్టండక్కా, పాడైపోతుంది అని ఒరథాయ్ మొత్తుకుంది. కవర్లో పెడితే అది పోస్టుకార్డెలా అవుతుందే అని పోస్టు డబ్బాలో వేసేశాను. బయటికొచ్చాక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. అయినా పెళ్లికి బయల్దేరినంత హుషారుగా ఉంది. వినిత్ గారికి ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 13

చేరలేదు. ఈ వీధి నుంచి ఆ వీధికి ఇన్ని రోజులా?

ఆగస్టు 15

చేరింది! కాఫీ హోటల్లో టేబుల్ టేబుల్‌కీ తిరిగి చూపిస్తున్నాడు. నన్నూ పిలిచి, చొక్కా జేబులోంచి తీశాడు. సరిగ్గా నడిమికి మడిచి పెట్టుకున్నాడు.

ప్రాణం చివుక్కుమంది. అయినా ఇంకోసారి చూపించమన్నాను. ఈసారి లెన్స్ లేకుండా డ్రైవరు మొహమే చూశాను.