ఐలీన్ ఇసుక మీద కూర్చున్న పదిహేను రోజులు

ఫిబ్రవరి 27, 1991. బుధవారం. టిన్ కాన్ బే.

ఉదయం ఏడుకి తాడు విప్పాం. ఐలీన్‌తో మాకిది ఆఖరి ప్రయాణం. జలసంధి గుండా ఉత్తరానికి వెళ్ళి ఉరాంగన్‌లో పడవ అప్పగించాలి. కొనేవాడు హట్టన్, బ్రిస్బేన్‌లో పళ్ళ డాక్టరు. ఏడో తారీఖున అక్కడికి వస్తాడు. పదో తారీఖు ఆదివారం నేను సముద్రానికి ఆరు వందల కిలోమీటర్ల దూరాన, గోధుమలు పండే ఊళ్ళో, రాతి చర్చిలో నిలబడి మొదటి ప్రసంగం చేస్తాను. చక్కెర మిల్లు బాయిలర్ ముందు వాక్యం నేర్చుకున్నవాణ్ణి. ఏ కాలేజీ గడపా తొక్కలేదు. యాభై తొమ్మిదో ఏట పిలుపు వచ్చింది. స్తోత్రం.

పడవ నా భార్య వెర్నాది. వాళ్ళ నాన్న తన చేతులతో కట్టి, వాళ్ళమ్మ పేరు పెట్టాడు. అమ్మేద్దామంటే సరే అంది. ఆ ఒక్క మాటే అంది.

నేల మీద కుటుంబానికి శిరస్సును నేను. ఈ ఇరవై నాలుగడుగుల పడవ మీద వెర్నా. పొద్దున ప్రార్థన కాస్త సాగేసరికి, ఆమెన్ తర్వాత అందువుగానీ లెస్టర్, ముందు ఆ తెరచాప ఎత్తు అంది.

ఫిబ్రవరి 28. పెలికన్ బే.

గాలి బాగుంది. రెండు డ్యూగాంగులు, సముద్రపు ఆవులు, పక్కనే తేలి, మమ్మల్ని చూసి, మళ్ళీ గడ్డి మేయడానికి మునిగాయి. వెర్నా మూడు వైటింగు చేపలు పట్టింది. నేను సున్నా. అపొస్తలులకైనా రాత్రంతా ఏమీ పడని రోజులున్నాయన్నాను. వాళ్ళు కనీసం వల వేశారు, నువ్వు గాలానికి ఎర గుచ్చడమే మర్చిపోయావు అంది.

మార్చి 1, శుక్రవారం. గ్యారీస్ ఆంకరేజ్.

ఇసుక ఈగలు ముసిరి తినేశాయి. పక్కన పీతలు పట్టే మెర్విన్ తన పడవకి లంగరు వేశాడు. వెర్నాకి చిన్నప్పటి నుంచీ తెలుసు. అతని చేతిలో బీరు సీసా చూసి ఊరుకోలేకపోయాను. నాశనానికి పోయే విశాలమైన దారి గురించి నీళ్ళ మీదుగా ఇరవై నిమిషాలు కేకేసి చెప్పాను. అంతా విని, దారి విశాలమైతే మాకేం మేట్, రేపు నీకే ఇరుకు, బూన్‌లై దగ్గర రెండు వైపుల పోటూ కలిసే చోట ఇసుక మేట, దారి చూపే బీకన్ స్తంభాలకి ఎటు పక్కన పోవాలో నీ ఆవిణ్ణడుగు అన్నాడు. వెర్నా నవ్వు ఆపుకోలేకపోయింది.

మార్చి 2, శనివారం.

రాయడానికి సిగ్గుగా ఉంది. పొద్దున తొమ్మిదీ నలభై. పోటు నిండుగా ఉంది. వెర్నా టీ పెట్టడానికి కిందికి దిగింది. చుక్కాని నా చేతిలో. రాతి చర్చి ప్రసంగం పైకి చెప్పుకుంటున్నాను. సింహాసనం, అగ్ని, సెరాపులనే దేవదూతల దాకా వచ్చాను. ఎర్ర బీకన్ ఎటు పోయిందో చూడలేదు. మెత్తగా, దిండులో మొహం పెట్టినట్టు, ఆగిపోయాం.

వెర్నా తల బయటికి పెట్టింది. చేతిలో రెండు కప్పులు. ఒక్క చుక్క ఒలకలేదు. బాగానే ఆపావు, దిగి నడిచి వెళ్దామా ఉరాంగన్‌కి అంది.

మధ్యాహ్నానికి నీళ్ళు పోయాయి. పడవ పక్కకి ఒరిగింది. వెర్నా డింగీ పడవలో చిన్న లంగరు తీసుకెళ్ళి లోతులో వేసి, తాడు వెనక నుంచి బిగించింది. పున్నమి పోటు రేపటికి పతాకస్థాయి. పదింటికి ఇవాళ్టి కంటే నాలుగంగుళాలు ఎక్కువ వస్తుంది. ఇద్దరం తాడు లాగితే పది నిమిషాల పని. అది తప్పితే రోజు రోజుకీ పోటు తగ్గుతుంది. మళ్ళీ అమావాస్య పోటే దిక్కు.

రేపు ఆదివారం. పదింటికి ఆరాధన.

మార్చి 3, ఆదివారం.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రభువు దినాన నేను సుత్తి కూడా ఎత్తలేదు. ఇవాళా ఎత్తనన్నాను. గుంటలో పడ్డ ఎద్దుని విశ్రాంతి దినాన కూడా లాగుతారు కదయ్యా, నీ వాక్యమే అంది. ఎద్దుకి ప్రాణముంది, ఇది చెక్క అన్నాను.

వెర్నా వెళ్ళి చర్చికి వేసుకునే గౌను వేసుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

పదింటికి నిలబడి, దేవుడి మాట వినక చేప కడుపులో పడ్డ యోనా మీద ప్రసంగించాను. విధేయత గురించి ఒళ్ళు మరిచి మాట్లాడాను. నడిమధ్యలో కాళ్ళ కింద పడవ లేచింది. నిటారుగా నిలబడింది. అటూ ఇటూ ఊగింది. ఒక్క లాగు చాలు. వెర్నా తాడు వైపు చూసింది, నా వైపు చూసింది. లేవలేదు. నేను ఆపలేదు. పదిన్నరకి మళ్ళీ ఒరిగాం.

మార్చి 4

మాట లేదు. టీ ఉంది.

మార్చి 6, బుధవారం.

మెర్విన్ పీతలు తెచ్చాడు. ఐలీన్ చుట్టూ నడిచొచ్చి, చక్కగా నాటావు మేట్, వచ్చే ఏటికి కాపుకొస్తుంది అన్నాడు. అతని రేడియోలో హట్టన్‌కి కబురు పంపాం. పడవ ఎక్కడుంటే అక్కడికే వచ్చి చూస్తానని జవాబు.

పీతలు ఉడకబెట్టి డెక్కు మీదే కూర్చుని తిన్నాం. ఇంత రుచి ఎప్పుడూ లేదు. ఎందుకో అడిగాను, పడవ పోతోందని బాధగా ఉందా అని. పీత కాళ్ళు విరుస్తూనే చెప్పింది. దేవుణ్ణడిగావు, చర్చి కమిటీనడిగావు, పళ్ళ డాక్టర్ని కూడా అడిగావు, నన్నడిగావా లెస్టర్? చెప్పావు, నేను సరే అన్నాను, అంతే కదా జరిగింది?

దీనికో వాక్యం దొరుకుతుందేమోనని రాత్రి బైబిలంతా తిరగేశాను.

మార్చి 8, శుక్రవారం. రాత్రి.

మెర్విన్ పడవలో జలసంధి ఒడ్డున పూనా అనే చిన్న ఊరికి వెళ్ళి, టెలిఫోను పెట్టెలో నుంచి గోధుమ ఊరి సంఘపెద్దతో మాట్లాడాను. ఇసుక మీద ఉన్నామన్నాను. పడవ వదిలేసి బస్సెక్కండి బ్రదర్, ఆడమనిషి ఉంది కదా, చూసుకుంటుంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పదో తారీఖుకి వేరే మనిషిని చూసుకోండి, మా ఆవిణ్ణి ఇంకా అడగలేదు, అడిగి చెప్తాను అన్నాను. నవ్వాడు. జోకనుకున్నాడు. నాణేలు అయిపోయాయి.

పిండి, కిరసనాయిలు, ఉల్లిపాయలు కొనుక్కుని తిరిగొచ్చాను. వస్తూనే అడిగాను. అమ్మాలా వద్దా, వెళ్ళాలా వద్దా, నువ్వే చెప్పు అని. ఉల్లిపాయలు కొయ్యి అంది.

మార్చి 12

నీళ్ళు పోయినప్పుడల్లా ఇద్దరం మోకాళ్ళ మీద పడవ అడుగు గీకుతున్నాం. నత్తగుల్లలు రాలుతున్నాయి. వాళ్ళ నాన్న కొట్టిన మేకులు ఒక్కొక్కటీ వేలితో చూపించింది. ఇది పదేళ్ళప్పుడు నేను కొట్టింది, చూడు వంకర పోయింది అంది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ మేకు నేనెప్పుడూ చూడలేదు. వీపు నొప్పి. మధ్యాహ్నం పడవ నీడలో పడుకుని నిద్రపోయాను. నా బాధ్యత లేని చోట ఇంత హాయి ఉంటుందని ఎవరూ ప్రకటించరేం?

మార్చి 14, గురువారం.

హట్టన్ వచ్చాడు. తెల్ల బూట్లు. మోకాళ్ళ దాకా బురద. పడవ అడుగు తట్టి చూసి, ఎక్కువ మాట్లాడకుండా మొదట అన్న ధరకే ఒప్పుకున్నాడు. చేయి నా వైపు చాపాడు.

ఆవిణ్ణి అడగండి అన్నాను.

వెర్నా గీకుడు కత్తి కింద పెట్టింది. ఇంత దూరం బురదలో వచ్చారు, టీ తాగి వెళ్ళండి, పడవ అమ్మడం లేదు అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు. అతను నన్ను చూశాడు. పంచదార ఎంత వేయమంటారు అని నేనడిగాను.

అతను వెళ్ళాక చెప్పింది. శీతాకాలం మూడు నెలలు గోధుమ ఊరు వస్తాను, చలికి నీకు దుప్పటి కప్పేవాళ్ళుండాలి కదా, మిగతా ఏడాది ఇక్కడే, మీ కమిటీకి ఇష్టమైతే సరే, లేకపోతే వాళ్ళ ఇష్టం అంది. కమిటీకి ఇష్టం ఉండదు. రాతి చర్చి ప్రసంగపీఠానికి ఏడు మెట్లని వాళ్ళ ఉత్తరంలో ఉంది. ఆ ఏడు మెట్లూ మనసులో ఎన్నిసార్లు ఎక్కానో ప్రభువుకే తెలుసు, నాకూ తెలుసు. పోనీ.

మార్చి 16, శనివారం.

అమావాస్య. పోటు పెరుగుతోంది. రేపు పదింటికి పూర్తి ఎత్తు. సోమవారానికి రెండంగుళాలు తక్కువ, తేలొచ్చు, తేలకపోవచ్చు. సోమవారమే చూద్దాంలే, నువ్వు రేపటి ఆరాధనకి గౌను తీసి పెట్టమంటే పెడతాను అంది వెర్నా. గొంతులో వెక్కిరింత లేదు. అదే భరించలేకపోయాను.

మార్చి 17, ఆదివారం. 10.05.

తాడు లాగుతున్నాం. ఆమె ముందు, నేను వెనక. ప్రార్థన చేశామో లేదో గుర్తు లేదు. కదిలింది.