పెరూ వెళ్ళేముందు చదవవలసినవి

9 మార్చి 2025
ఆగస్టులో పెరూ ఖాయమైంది. షెఫీల్డ్‌లో ఉన్న మూడు తెలుగు డాక్టర్ల కుటుంబాలు. గుంపుకి పెద్ద విజయకుమార్ గారు. మా ఆయన సదాశివానికి హాస్పిటల్లో బాస్ కాబట్టి ఇక్కడా ఆయనే బాస్. చదవాల్సిన పుస్తకాలు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పెరూని ఏలిన ఇన్‌కా రాజుల రాతిగోడల మీద ఒకటి, తెల్లవాళ్ళు ఎక్కిన శిఖరాల మీద రెండు, కొండకొమ్ముల మంచులో దొరికిన పిల్లల శవాల మీద ఒకటి. తలా ఒకటి చదివి మిగతావాళ్ళకి చెప్పాలట. పిల్లల డాక్టర్ని కదా, చివరిది నాకు.

10 మార్చి
మా అమ్మాయి మాయకి పద్నాలుగేళ్ళు. అక్కడివాళ్ళు రాసిన పుస్తకం ఒక్కటీ లేదేమని గ్రూపులో అడిగింది. విజయకుమార్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మూటలు మోసేవాళ్ళమ్మా వాళ్ళు. పుస్తకాలేం రాస్తారు?" కింద నవ్వు బొమ్మలు. ఒకటి సదాశివానిది.
ఇక ఈ డైరీలో అతనికి గారు లేదు.

29 మార్చి, డ్యూటీ నుంచి వచ్చాక
పుస్తకం సగమైంది. దేవుడికి బలిగా ఇచ్చిన పిల్ల. కొండ మీదికి నడిపించి, మత్తిచ్చి, చలికి వదిలేశారు. జుట్టు సన్నటి జడలుగా అల్లి ఉంది. జడల్లో పేలు. మా వార్డుకొచ్చే పిల్లల్లాగే. నేనూ పిల్లలకి మత్తిస్తాను. ఎంతిస్తే ఎంతసేపటికి తల వాలుతుందో నాకు తెలుసు. అన్నం తినబుద్ధి కాలేదు.

12 ఏప్రిల్
విజయకుమార్ ఇంట్లో భోజనాలు. నేను నోరు తెరవకముందే ఆ పిల్ల ముఖం పెద్ద టీవీ నిండా పెట్టాడు. వయసెంతో చెప్పినవాళ్ళకి చాక్లెట్ డబ్బా అన్నాడు. తలో అంకె అరిచారు. నైట్ డ్యూటీలో కునుకు తీస్తున్న జూనియర్‌లా ఉందని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. విజయకుమార్ భార్య హైమావతి గులాబ్ జామూన్ పట్టుకొచ్చింది. లేచి టీవీ ప్లగ్గు పీకేశాను.
"ఏంటి మేడమ్, రోజూ చూసేవేగా? ఐదొందలేళ్ళ శవానికి ఇంత సీనా?" అన్నాడు విజయకుమార్.
మా వార్డులో బిడ్డ పోతే ముందు తల్లిని పిలుస్తాం, చాక్లెట్ డబ్బా తేం అన్నాను.
కారులో సదాశివం సారీ చెప్పమన్నాడు. జూన్‌లో తన కన్సల్టెంట్ పోస్టు ఇంటర్వ్యూకి ప్యానెల్లో విజయకుమార్ ఉన్నాడట. చెప్పనన్నాను.

13 ఏప్రిల్, పొద్దున
నేను స్నానానికి వెళ్తే సదాశివం నా ఫోన్లోంచి గ్రూపులో సారీ పెట్టాడు. నా పేరుతో. చివర దండం బొమ్మ.

13 ఏప్రిల్, మధ్యాహ్నం
ఆ సారీ నాది కాదు, పెరూకి నేను రావడం లేదు అని గ్రూపులో రాసి బయటికొచ్చేశాను. సదాశివం పరువు పోయిందన్నాడు. నిన్న ఆయన కూర్చున్న సోఫాలో ఆ పరువు ఎక్కడుందో నేను చూడలేదు.
మాయ నా పుస్తకం తీసుకుని చదివింది. ఆ పిల్ల తల్లికి వద్దనడానికి వీలుండేదా అని ఇంగ్లీషులో అడిగింది. నాకు తెలియదన్నాను. తనూ రానంది.

17 జూన్
సదాశివానికి కన్సల్టెంట్ పోస్టు వచ్చింది. అప్లై చేసింది ఆయన ఒక్కడేనట. ఈ మాత్రం దానికా ఆ సారీ.

11 ఆగస్టు
పెరూ నుంచి సదాశివం ఫోటో పంపాడు. అద్దాల పెట్టెలో ఆ పిల్ల, ముందు అందరూ. ఫోటోలు తీయొద్దన్న బోర్డు కూడా ఫోటోలో పడింది. సదాశివం బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ చేత్తోనే రోజూ మాయకి టోస్ట్ చేసిపెడతాడు. ఫోన్ కట్టేసి చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు.

19 ఆగస్టు
సదాశివం వచ్చాడు. అక్కడి బజారులో కొన్న బొమ్మ మాయకిచ్చాడు. ప్లాస్టిక్ పెట్టెలో చిన్నపిల్ల, సన్నటి జడలు. అదే పాప అన్నాడు. మాయ అది తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

20 ఆగస్టు
తువ్వాళ్ళ కోసం వేణ్ణీళ్ళ బాయిలర్ ఉండే అల్మారా తెరిచాను. ఈ ఇంట్లో అన్నిటికన్నా వెచ్చటి చోటు అదే. పై అరలో బొమ్మ. పెట్టె లేదు. మాయ ఉన్ని మేజోడులో మెడదాకా దూర్చి ఉంది. ముఖం గోడవైపు.
చప్పుడు కాకుండా తలుపు వేశాను.