స్టోరు గదిలో బాలింత

అమ్మలూ,

నేను క్షేమం. ఆ మాట ముందే చెబుతున్నాను, చదివి బెంబేలెత్తకు. నిన్న మధ్యాహ్నం ఇక్కడ మా పనిచోట స్టోరు గదిలో వైరు చుట్ట అనుకుని కట్లపాము మీద చెయ్యి వేశాను. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా సన్నని తెల్లగీతలతో ఏం అందమే అది! కాటు వేయలేదు. తలని చుట్టల్లోకి ఇంకాస్త దాచుకుంది, అంతే. పగలు అలాగే మందకొడిగా ఉంటుందట. అదే రాత్రయితే ఈ కార్డు ఇంకెవరో రాసేవారు.

పాములు పట్టేవాడు టార్చి వేసి చూసి కర్ర పక్కన పెట్టేశాడు. "గుడ్ల మీదుందండీ. పిల్లలు బయటికొచ్చేదాకా కదలదు, తిండి కూడా ముట్టదు. అప్పుడొచ్చి అన్నిటినీ పట్టుకెళ్తా" అన్నాడు. కసురుకోవడం తప్ప తెలియని మా మేస్త్రీ తనే వెళ్లి గదికి తాళం వేసి, వేరే వైరు తెప్పించాడు.

దోమతెర అంచులు పరుపు కిందకి దోపండి. కట్లపాము రాత్రుళ్లు పక్కలోకి దూరుతుందట, కాటు చీమ కుట్టినంత కూడా తెలియదట. మిక్సీలో నిప్పురవ్వలు వస్తున్నాయా ఇంకా? నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు.

బుజ్జిదాన్ని ఒళ్లోంచి దించకుండా అన్నం మానేస్తున్నావని మీ అమ్మ రాసింది. ఆ పాముకైతే పిల్లల్ని అందుకునే తల్లి లేదు. నీకుంది. పిల్లని ఆవిడ చేతికిచ్చి, వెళ్లి తిను. తిన్నానని రాస్తేనే నా దీవెనలు.

నాన్న