డెబ్బై ఆరున్నర అడుగులు

1912 అక్టోబరు 21, గుడియాత్తం

పొద్దున రైలుకు వేలూరు నుంచి వచ్చాను. పిడుగు పడి ఇక్కడి నూనె మిల్లు పొగగొట్టం మొదలు దగ్గర పగిలింది. నేత వీధి వైపు ఒరిగింది. కూలితే ఎంత దూరం వస్తుందో తేల్చమని సర్వేయరునని నన్ను పంపారు. ఎక్కి కొలిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆ అవసరమూ లేదు. అరవై అడుగుల అవతల కోణాలు కొలిచే థియోడలైట్ నిలబెట్టాను. కొసకు యాంగిల్ యాభై డిగ్రీల పన్నెండు నిమిషాలు. టేబుల్లో టాంజెంట్ 1.2. అరవైతో గుణిస్తే డెబ్బై రెండు. థియోడలైట్ ఎత్తు నాలుగున్నర కలిపాను.

మిల్లు యజమాని దొరైస్వామి నవ్వాడు. ఎక్కకుండా చెప్పిన ఎత్తు ఎవరు నమ్ముతారన్నాడు.

అక్టోబరు 22

వీధికి అడ్డంగా సున్నంతో గీత గీశాను. లోపల పడింది ఒకే ఇల్లు. చిన్నప్పన్ అనే ముసలి నేతగాడిది. ఖాళీ చెయ్యమన్నాను. ఆయన మగ్గం గుంతలోంచి కాళ్ళు తియ్యలేదు.

"గుంతను ఎత్తుకొని యాడికి పొయ్యేది నాయనా? పడుగు తెంచితే నూలంతా పాడు. ఈ చీర కానీ."

"ఆయప్ప లెక్క వేసి చెప్తా ఉండాడు కదా, వినరాదా?" అంది ఆయన భార్య పొన్నమ్మ.

పొగగొట్టాన్ని పైనుంచి విప్పిస్తానని దొరైస్వామి సంతకం చేశాడు.

అక్టోబరు 24

వాన. ఒక్క ఇటుకా విప్పలేదు.

అక్టోబరు 26

ఇంకా పొగ వస్తూనే ఉంది. వేరుశనగ దిగే కాలం, బాయిలరు ఆర్పేది కుదరదని దొరైస్వామి తేల్చేశాడు. సర్వేయరు లెక్క తప్పని, భయపడకుండా నేసుకోమని చిన్నప్పన్‌కు కబురు కూడా పంపాడట.

వెళ్ళి ముసలాయన చెయ్యి పట్టి లాగాను. విడిపించుకున్నాడు. కోపం లేదు.

"ఇంక మూరెడే ఉండాది నాయనా."

పొన్నమ్మ కనిపించలేదు. కే.వి.కుప్పంలో చెల్లెలింటికి పంపించానన్నాడు. నా లెక్క నమ్మకపోతే ఆమెను ఎందుకు పంపినట్టు?

అక్టోబరు 27, వేలూరు

రిపోర్టు ఇచ్చాను.

అక్టోబరు 29

తంతి వచ్చింది. నిన్న సాయంత్రం కూలింది. చిన్నప్పన్ మగ్గంలోనే ఉన్నాడు.

అక్టోబరు 30, గుడియాత్తం

మళ్ళీ కొలిచి రాయమన్నారు. గొట్టం అంత దూరం రాలేదని, చిన్నప్పన్ మట్టిమిద్దె వానకే పడిందని దొరైస్వామి వాదిస్తున్నాడు. నేలమీద పడున్నదానికి థియోడలైట్ అక్కర్లేదు. టేపు చాలు. రెండో కొస పట్టుకోవడానికి మిల్లు మనుషులెవరూ రాలేదు. పొన్నమ్మ వచ్చి పట్టుకుంది. ఎంత వచ్చిందని అడగలేదు. వదలమని చెప్పేదాకా పట్టుకునే ఉంది.